వెలుగు వెంట వెళ్ళిన నిజాం కాలేజీ కుర్రాడు

ముక్కుపుడకలో ఉన్నది అసలు వజ్రమా, అమెరికన్ డైమండా అన్న అనుమానం రాని ఇల్లు ఉండదు. అత్తగారిచ్చిన రాయయితే మరీనూ! పైకి అడగలేం, లోపల దాచుకోలేం. ఇప్పుడు ఆ అనుమానం తీర్చడానికి ల్యాబులున్నాయి. రాయి మీద సన్నటి లేజర్ వెలుతురు వేస్తారు. రాయి లోపలికి వెళ్ళి చెదిరి బయటికొచ్చిన వెలుతురుని ఒక యంత్రం రంగురంగులుగా విడదీస్తుంది. 1332 అనే అంకె దగ్గర పదునైన గీత ఒకటి కనబడిందా, అది వజ్రమే. కనబడలేదా, ఎంత తళుకులీనినా అది వేరే రాయి. రాయిని గీకక్కర్లేదు, కాల్చక్కర్లేదు.

వజ్రం వెలుతురుని ఇలా ఎందుకు మారుస్తుంది, ఆ గీత దాని లోపలి కట్టడం గురించి ఏం చెబుతోంది అని 1930లోనే కూర్చుని పరిశోధించినవాళ్ళలో ఒక తెలుగు కుర్రాడున్నాడు. అప్పటికి ఇరవై ఒకటో ఏడు. పేరు సూరి భగవంతం.

ఈ పేరు పెద్దవాళ్ళలో చాలామంది విన్నదే. అయితే ఎలా విన్నారు? ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా కొందరికి, రక్షణ మంత్రికి సైన్స్ సలహాదారుగా కొందరికి తెలుసు. పుట్టపర్తి సత్యసాయిబాబా తెలుగులో ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి గడగడా ఇంగ్లీషులోకి అనువదించిన పెద్దమనిషిగా ఇంకెందరికో గుర్తు. ఈ మూడూ నిజమే. కానీ ఆయన చేసిన అసలు పని ఈ మూడింట్లోనూ లేదు. అది వెలుతురుకీ వస్తువుకీ మధ్య జరిగే సంభాషణని లెక్కలోకి తేవడం. దాని గురించి మనకెవరూ చెప్పలేదు. ఫిజిక్స్ అనగానే మనకి అర్థం కాదులే అని ముందే తీర్మానించేశారేమో!

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నూజివీడు దగ్గర, కొండ మీద శోభనాచలస్వామి గుడి ఉన్న ఊరు. హైస్కూలు చదువు గుడివాడలో. డిగ్రీకి మాత్రం హైదరాబాదు వచ్చి నిజాం కాలేజీలో చేరారు.

ఆ రోజుల్లో గుడివాడ నుంచి హైదరాబాదు రావడమంటే జిల్లా మారడం కాదు, దాదాపు దేశం మారడమే. అటు తెల్లదొరల పాలన, ఇటు నిజాం ప్రభుత్వం. రైలు కంపెనీ వేరు, రూపాయి కూడా వేరు. ఇక్కడ హాలీ సిక్కా చెల్లేది. దారికి పెట్టుకున్న డబ్బులు ఇక్కడికొచ్చాక మార్చుకోవాలి. ఆఫీసుల్లో ఉర్దూ, వీధిలో నాలుగైదు భాషలు.

అప్పట్లో చాదర్‌ఘాట్ అంటే ఇప్పుడు మనం బస్సు దిగే ఆ కూడలి, వంతెన మాత్రమే కాదు. మూసీకి ఉత్తరపు ఒడ్డున పెరిగిన కొత్త పట్నాన్నంతా ఆ పేరుతోనే పిలిచిన కాలం ఒకటుంది. నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట మీంచి నీళ్ళు చద్దరు పరిచినట్టు జారేవనీ, అందుకే ఆ పేరనీ అంటారు. పాతబస్తీ గోడల అవతల నవాబుల ప్రపంచం. ఇవతల కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, ఆబిడ్స్‌లో ఇంగ్లీషు షాపులు, 1907లో కట్టిన నాంపల్లి స్టేషను, స్కూళ్ళు, కాలేజీలు. నిజాం కాలేజీ 1887లో మొదలైంది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ దాని తొలి ప్రిన్సిపాలు. ఆయన కూడా సైన్సు మనిషే, కెమిస్ట్రీలో ఎడింబరో డాక్టరేటు. వాళ్ళిల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ నాంపల్లి దారిలోనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదట తెరుచుకున్నది ఆ ఇంట్లోనే.

అటు పక్కనే గన్‌ఫౌండ్రీలో అప్పుడే ఉస్మానియా యూనివర్సిటీ కూడా నడుస్తోంది, ఉర్దూ మాధ్యమంలో. నిజాం కాలేజీది మాత్రం ఇంగ్లీషు చదువు. పరీక్షలు పెట్టేది, డిగ్రీలిచ్చేది ఎక్కడో ఉన్న మద్రాసు యూనివర్సిటీ. ఉర్దూ రాని ఆంధ్ర జిల్లా కుర్రాడు హైదరాబాదు నడిబొడ్డున సైన్సు చదవగలిగాడంటే ఆ ఏర్పాటు వల్లే.

ఆయన బి.ఎస్సీ. ముగించిన సంవత్సరం 1928. సైన్సు చదివే వాడికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ఆ ఫిబ్రవరి 28నే కలకత్తాలో సి.వి. రామన్ తన పరిశోధనా ఫలితాన్ని బయటపెట్టారు. పేపర్లన్నీ మోగిపోయాయి. డిగ్రీ చేతికొచ్చిన కుర్రాళ్ళు మామూలుగా చేసేదేమిటి? గుమాస్తా ఉద్యోగానికి అర్జీ, లేదంటే లా కాలేజీ. భగవంతం గారు రైలెక్కి కలకత్తా వెళ్ళారు. 210, బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ అనే పాత భవనంలో రామన్ గారి ప్రయోగశాల. పెద్ద జీతాలు లేవు, ఖరీదైన పరికరాలు లేవు. ఉన్నదల్లా వెలుతురు పిచ్చి పట్టిన ఒక గురువు, దేశం నలుమూలల నుంచీ వచ్చి చేరిన పాతికేళ్ళ లోపు శిష్యులు.

ఇంతకీ ఈ రామన్ ఎఫెక్ట్ ఏంటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మనింట్లో స్టీలు గ్లాసుల్ని చెంచాతో కొడితే ఒక్కోదానికీ ఒక్కో శబ్దం. కళ్ళు మూసుకుని ఏది చిన్న గ్లాసో, ఏది నీళ్ళున్న గ్లాసో చెప్పేయొచ్చు. జలతరంగిణి కచేరీ అంతా ఆ కిటుకే. వస్తువుల్లోని అణువులు కూడా అలాగే ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి, ఒక్కో పదార్థానిదీ ఒక్కో శ్రుతి. వాటిని కొట్టే చెంచా వెలుతురు. అణువుల మీద పడి చెదిరే వెలుతురులో దాదాపు అంతా వచ్చిన రంగుతోనే తిరిగి పోతుంది. సుమారుగా కోటిలో ఒక వంతు మాత్రం అణువు కంపనానికి కాస్త శక్తి ఇచ్చుకునో, పుచ్చుకునో రంగు మారి వస్తుంది. ఆ మారిన రంగుని పట్టుకుంటే అణువు శ్రుతి తెలిసిపోయినట్టే. కోటిలో ఒకటి కదా, ఆ వెలుతురు మరీ మసక. అప్పటికి లేజర్లు పుట్టలేదు. పాదరసపు దీపం వెలిగించి, ఫొటో ప్లేటు ముందు గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ కాపు కాయాలి. పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడే మనకి ఆ ఓపిక విలువ తెలియందేమీ కాదు.

భగవంతం గారి తొలి పెద్ద పని దేని మీదో తెలుసా? నాఫ్తలీన్ మీద. అవును, పట్టుచీరల పెట్టెలో వేసుకునే కలరా ఉండల సరుకే! నాఫ్తలీన్ స్ఫటికాన్ని అయస్కాంతం దగ్గర పెడితే అన్ని దిక్కులా ఒకేలా స్పందించదు. ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ. ఎందుకంటే దాని అణువులు బల్లపరుపుగా, అప్పడాల్లా ఉంటాయి. అప్పడాన్ని నిలువుగా పెట్టడం వేరు, పడుకోబెట్టడం వేరు కదా. స్పందనలో తేడా కొలిస్తే స్ఫటికం లోపల ఆ అప్పడాలు ఎటు వాలి ఉన్నాయో ఊహించవచ్చు. ఈ పని 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నిజాం కాలేజీ వదిలి ఏడాది! మనిషికి ఇరవయ్యేళ్ళు.

తర్వాతది ఇంకా చిత్రమైన సంగతి. 1931లో రామన్, భగవంతం కలిసి ఒక ప్రశ్న వేసుకున్నారు. వెలుతురు కణాలుగా వస్తుందని, ఆ కణం పేరు ఫోటాన్ అని అప్పటికి తెలుసు. ఆ కణం బొంగరంలా తిరుగుతుందా? తిరిగితే ఎంత? ప్రొఫెసర్ సత్యేంద్రనాథ్ బోస్ 1924లోనే ఇలాంటి ఊహ చేశారు గానీ ఊహ ఊహే. చూపించడం ఎలా?

వీళ్ళు చేసింది ఇదీ. వెలుతురుని ప్రత్యేకమైన పలకల గుండా పంపితే మరమేకులా మెలిక తిరుగుతూ ముందుకెళ్తుంది. కుడి మెలికగానో, ఎడమ మెలికగానో మనకి కావలసినట్టు చేసుకోవచ్చు. అలాంటి వెలుతురుని ద్రవాల మీదకి పంపారు. ద్రవంలో అణువులు తిరగలిలా గిర్రున తిరుగుతుంటాయి. ఆ తిరుగుళ్ళతో లావాదేవీ పెట్టుకుని వచ్చిన వెలుతురుని పరీక్షిస్తే, చాలా భాగం మెలిక తిరగబడి కనిపించింది! కుడి మెలికగా వెళ్ళింది ఎడమ మెలికగా వచ్చింది. అంటే ఫోటాన్ తన బొంగరపు తిరుగుడుని తిప్పుకుని, ఆ తేడాని అణువుకి ధారపోసింది. లెక్క కట్టి చూస్తే ఫోటాన్‌కి సరిగ్గా ఒక యూనిట్ తిరుగుడు ఉన్నట్టయితేనే ఫలితం సరిపోతోంది. ఆ సంగతి మొదట ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో, వెంటనే 1932 మొదట్లో ఇంగ్లండు పత్రిక నేచర్‌లో వచ్చింది. బోస్ గారి ఊహని అందులో పేరు పెట్టి మరీ చెప్పారు. ఇవాళ కాలేజీ పాఠంలో ఫోటాన్ స్పిన్ ఒకటి అని ఒక్క లైన్లో చదివేసి వెళ్ళిపోతాం. ఆ లైను వెనక పాదరసపు దీపం వెలుతురులో కళ్ళు చికిలించుకున్న ఒక ఆగిరిపల్లి కుర్రాడున్నాడని చెప్పే టెక్స్ట్‌బుక్ ఒక్కటీ నా కంటబడలేదు.

1932లో ఆంధ్రా యూనివర్సిటీ పిలిచింది. పుట్టి ఆరేళ్ళయిన యూనివర్సిటీ, బెజవాడ నుంచి వాల్తేరుకి మారి రెండేళ్ళు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలరు. రామన్ నీడలోంచి వచ్చి, సముద్రం ఒడ్డున కొత్తగా లేస్తున్న సైన్సు కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. పదేళ్ళు తిరక్కుండా ప్రొఫెసరయ్యారు, ఆ పైన ప్రిన్సిపాలూ అయ్యారు. ఆయన దగ్గర తయారైన బి. రామచంద్రరావు గారి లాంటివాళ్ళు, చెవికి వినబడని శబ్ద తరంగాలు వెలుతురుని ఎలా చీలుస్తాయో చూపించే ప్రయోగాలు అక్కడే చేశారు.

కానీ నన్నడిగితే వాల్తేరులో జరిగిన అసలు విశేషం ప్రయోగం కాదు, కాగితం మీద లెక్క. అక్కడే ఆయనకి టి. వెంకటరాయుడు అనే గణితం మనిషి తోడయ్యారు. ఇద్దరూ కలిసి గ్రూప్ థియరీ అనే గణితాన్ని స్ఫటికాల మీద ప్రయోగించారు. పేరు విని పేజీ తిప్పకండి. ఇది మన వాకిట్లో రోజూ జరిగేదే.

చుక్కలు పెట్టి ముగ్గు వేస్తాం. నాలుగు మూలలా నాలుగు పద్మాలున్న ముగ్గుని పావు వంతు తిప్పినా అలాగే ఉంటుంది. ఆరు రేకుల ముగ్గుని ఆరో వంతు తిప్పితే చాలు. మధ్యలో అద్దం నిలబెడితే కుడి సగం ఎడమ సగంలా కనిపించే ముగ్గులు కొన్ని, మెలికల ముగ్గుల్లో తిప్పితే సరిపోతాయి గానీ అద్దంలో సరిపోనివి కొన్ని. ఒక ముగ్గుని ఎన్ని రకాలుగా తిప్పినా, మళ్ళించినా మారకుండా ఉంటుందో లెక్కపెట్టే శాస్త్రమే గ్రూప్ థియరీ. స్ఫటికం అంటే పరమాణువులతో మూడు దిక్కులా వేసిన ముగ్గు. అందులో ఎన్ని వందల రకాలున్నా, ఈ తిప్పుళ్ళ లెక్క ప్రకారం మొత్తం 32 తరగతులే అవుతాయి.

దీనివల్ల లాభమేంటంటారా? స్ఫటికంలో పరమాణువులు రకరకాలుగా కంపిస్తాయి. వాటిలో వెలుతురుకి పలికేవి ఏవి, పలకనివి ఏవి? మామూలుగా అయితే ఎంతో పెద్ద లెక్క చెయ్యాలి. ముగ్గు ఆకారం తెలిస్తే ఆ లెక్కేం అక్కర్లేదు, ఎన్ని గీతలు కనబడాలో, ఎన్ని కనబడకూడదో ముందే చెప్పేయొచ్చు. వజ్రం సంగతే తీసుకోండి. పరమాణువుల కదలికలోకి వెలుతురు వెళ్ళడానికి రెండు తలుపులున్నాయి. ఒకటి పరారుణ కాంతిని నేరుగా పీల్చుకోవడం, రెండోది రామన్ పద్ధతిలో చెదరగొట్టడం. వజ్రం లాంటి సమతూకపు కట్టడంలో ఒక తలుపులోంచి వెళ్ళే కదలిక రెండో తలుపులోంచి వెళ్ళదు. ముక్కుపుడక రాయి ఇచ్చే ఆ 1332 గీత రెండో తలుపుది. మొదటి తలుపు దగ్గర అది ఎంత వెతికినా కనబడకూడదు. ఎందుకూ అంటే ముగ్గు ఒప్పుకోదు, అంతే.

1939లో భగవంతం, వెంకటరాయుడు ఈ పద్ధతిని స్ఫటికాలన్నిటికీ పనికొచ్చేలా అమర్చి ఇండియన్ అకాడమీ పత్రికలో ప్రచురించారు. ప్రపంచంలో చాలామంది ఇంకా ఒక్కో స్ఫటికంతో విడివిడిగా కుస్తీ పడుతున్న రోజులవి.

అంతలో యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. యూనివర్సిటీ మూటాముల్లె కట్టుకుని గుంటూరు వెళ్ళిపోయింది. పరికరాలు పెట్టెల్లోకి, సంసారాలు అద్దె ఇళ్ళలోకి. సరిగ్గా ఆ ఏడాదే భగవంతం గారు చేసిన పని ఒకటి నాకు అన్నిటికన్నా ఇష్టం. స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా వెళ్ళే వెలుతురు తీరు మారుతుంది. ఏ తరగతి స్ఫటికంలో ఆ మార్పుని చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలో పోకెల్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త అప్పటికి యాభయ్యేళ్ళ కిందటే పట్టికలు వేసి పెట్టాడు. అందరూ వాటినే వాడుతున్నారు. భగవంతం గారు గ్రూప్ థియరీతో మళ్ళీ లెక్కపెట్టి, కొన్ని తరగతుల్లో పోకెల్స్ అంకెలు తప్పని తేల్చారు. దానికి ల్యాబూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, మెదడు చాలు. మన అమ్మమ్మలు పెద్దావిడ వేసిన ముగ్గులో చుక్క తప్పిందని చూడగానే పట్టేసేవారే, అలాగ!

1948లో వాళ్ళిద్దరి పుస్తకం వచ్చింది, గ్రూప్ థియరీ, భౌతిక శాస్త్రంలో దాని ఉపయోగాలు. అచ్చువేసింది ఆంధ్రా యూనివర్సిటీయే. అంతకుముందు 1940లో రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకమూ వాల్తేరు నుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక్క మాట పక్కకి వెళ్ళి చెప్పాలి, ఇది ఆడవాళ్ళ పేజీ కాబట్టి కాదు, కథలో భాగం కాబట్టి. భగవంతం గారు వజ్రాల మీద పని చేసిన పదేళ్ళకి, అదే రామన్ గారి దగ్గర, బెంగుళూరులో, అన్నా మణి అనే కేరళ అమ్మాయి ముప్ఫైకి పైగా వజ్రాల మీద అలాంటి ప్రయోగాలే చేసింది. ఒక్కో ఫొటోకి పదిహేను, ఇరవై గంటలు, రాత్రిళ్ళు ల్యాబులోనే మకాం. పరిశోధన అంతా రాసి మద్రాసు యూనివర్సిటీకి సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో డాక్టరేటు ఇవ్వలేదు. తర్వాత ఆవిడ వాతావరణ శాఖలో దేశమంతా మెచ్చుకునే స్థాయికి చేరారు, అది వేరే సంగతి. అంతకుముందు 1933లో కమలా భాగవత్ బొంబాయి యూనివర్సిటీలో మొదటి స్థానంలో నిలిచి బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్‌కి వస్తే, ఆడపిల్లలకి చోటు లేదన్నది సాక్షాత్తూ రామన్ గారే. ఆ అమ్మాయి పట్టుబట్టి కూర్చుంటే షరతుల మీద చేర్చుకున్నారు. అదే తరంలో అదే గురువు గడప ఆగిరిపల్లి కుర్రాడికి తెరిచే ఉంది. భగవంతం గారి ప్రతిభని ఇది తగ్గించదు. కానీ మన ఊళ్ళల్లో ఆయనంత తెలివైన అమ్మాయి ఎవరైనా 1928లో ఆ పేపరే చదివి ఉంటే, ఆ పిల్ల ఏ రైలెక్కేది?

మళ్ళీ కథలోకి వస్తే, 1948లో ఆయన్ని లండన్‌లో మన హైకమిషన్‌లో సైన్సు వ్యవహారాలు చూడమని పంపారు. ఏడాది తర్వాత, 1949లో, హైదరాబాదుకి తిరిగొచ్చారు. ఈసారి ఉస్మానియా ప్రొఫెసరుగా. నిజాం పాలన పోయింది. తను చదివిన నిజాం కాలేజీ మద్రాసుతో తెగతెంపులు చేసుకుని 1947 నుంచే ఉస్మానియా గూటికి చేరింది. ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. 1952లో ఆయన్నే వైస్ ఛాన్సలరుని చేశారు.

ఇరవై నాలుగేళ్ళ కిందట డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిన కుర్రాడు తిరిగొచ్చి ఆ కాలేజీకే పెద్ద దిక్కయ్యాడన్న మాట. చాదర్‌ఘాట్ పక్కన కోఠీలో మన ఉమెన్స్ కాలేజీ కూడా ఆయన ఏలుబడిలోకే వచ్చింది. 1924లో మొదలైన ఆ కాలేజీ 1949లో పాత రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఒకప్పుడు దొరలు దర్బారు తీర్చిన ఆ పెద్ద పెద్ద స్తంభాల మధ్య, రెండు జడల అమ్మాయిలు ఫిజిక్స్ రికార్డులు పట్టుకుని తిరగడం మొదలైన రోజులవి. ఆ కాలేజీయే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం.

ఆయన హయాంలోనే, 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరుగా వెళ్ళారు. ఒకప్పుడు రామన్ కూర్చున్న కుర్చీ అది. ఆ తర్వాత దాంట్లో కూర్చున్నది సతీష్ ధావన్. 1961 నుంచి 1969 వరకు ఢిల్లీలో రక్షణ మంత్రికి సైన్సు సలహాదారు. మధ్యలో చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం. బయటి దేశాల మీద ఆధారపడితే ఏమవుతుందో దేశానికి తెలిసొచ్చిన కాలం. క్షిపణులు, లోహాలు, ఎలక్ట్రానిక్స్‌కి సంబంధించిన రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదుకి చేరింది ఈ ఏళ్ళలోనే. ఇవాళ కంచన్‌బాగ్, చాంద్రాయణగుట్ట వైపు ఆ సంస్థల్లో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ళు ఎన్నో.

ఇంత పెద్ద పదవులు చేసిన మనిషి గురించి మెచ్చుకోలు తప్ప మరేం రాయకూడదని మన పత్రికల్లో ఒక రివాజు. అయినా అనిపించింది చెప్తాను. 1928 నుంచి 1948 వరకు, ఇరవై ఏళ్ళు, ఆ బుర్రలోంచి ఏటా ఏదో ఒక కొత్త సంగతి పుట్టింది. ఆ తర్వాత ఫైళ్ళు, కమిటీలు, విమానాలు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం కదా, తెలివైన వాళ్ళు నలుగురుంటే నలుగురినీ తీసుకెళ్ళి కుర్చీల్లో కూర్చోబెట్టింది. కూర్చోకపోతే ఆ సంస్థలు లేవు. కూర్చుంటే ఆ చేత్తో రావలసిన పరిశోధన లేదు. పెళ్ళయ్యాక వీణ అటక మీద పెట్టి ఇల్లు నిలబెట్టిన మన వాళ్ళని చూసినప్పుడు ఏమనాలో తెలియదే, అలాంటి చిక్కే ఇదీ. అయితే ఆయన వీణని పూర్తిగా అటకెక్కించలేదు. ఢిల్లీ పదవిలో ఉండగానే, 1966లో, స్ఫటికాల ఆకారానికీ వాటి గుణాలకీ ఉన్న సంబంధం మీద లండన్ నుంచి ఇంకో పుస్తకం తెచ్చారు. ఏ గుణమూ సమంగా లేని స్ఫటికాన్ని సాగదీస్తే ఎలా స్పందిస్తుందో చెప్పడానికి 21 అంకెలు కావాలి, ఉప్పు కల్లు లాంటి చక్కని ఘనానికైతే మూడే చాలు. అలాంటి లెక్కలన్నీ ఒక చోట కూర్చిన పుస్తకం.

సాయిబాబా అనువాదాల సంగతి ఈ చివరి దశలోది. సైంటిస్టు అయ్యుండి అలా చేయడమేమిటని తప్పుపట్టిన వాళ్ళున్నారు, సైంటిస్టే వచ్చాడు చూడండని మురిసిపోయిన వాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ కావలసింది ఆయన హోదాయే తప్ప ఆయన ఫిజిక్స్ కాదు. ఆయనకి మాత్రం రెండూ తనవే. తెలుగూ ఇంగ్లీషూ రెండింటి మీదా ఆయనకున్న పట్టు మాత్రం ఆ వేదికలెక్కి చూసిన ఎవరైనా ఒప్పుకున్నదే.

1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. దేశమంతా రామన్ పేర సైన్స్ డే జరుపుకునే ఫిబ్రవరి 28కి ఇంకా మూడు వారాలుంది.

ఆయన పోయాక వెలుతురు శాస్త్రం ఎక్కడికో వెళ్ళిపోయింది. రామన్ రోజుల్లో వెలుతురు వస్తువుని కేవలం పలకరించేది, శ్రుతి వినేది. ఇప్పుడు లేజర్ వెలుతురు వస్తువుని పట్టుకుని కుదిపేస్తోంది. క్వాంటమ్ పదార్థాలని కొన్ని ఉన్నాయి, వాటిలో ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూకుమ్మడిగా నడుస్తాయి. వాటిమీద క్షణంలో కోటానుకోట్ల వంతు సేపు తీక్షణమైన వెలుతురు వేసి, పరమాణువుల ఒకానొక కదలికని మాత్రమే ఏరి ఊపితే, ఆ కాసేపూ వస్తువు స్వభావమే మారిపోతుంది. 2011లో జర్మనీ, ఇంగ్లండు శాస్త్రవేత్తలు రాగి ఆక్సైడు పదార్థం ఒకదాన్ని ఇలా ఊపితే, మామూలుగా ఆ గుణం లేని స్థితిలో కూడా, కరెంటు నష్టం లేకుండా ప్రవహించే సూపర్ కండక్టర్ లక్షణాలు కనిపించాయి. సెకనులో లక్ష కోట్లవ వంతులు కొన్ని, అంతే సేపు. అది నిజంగా సూపర్ కండక్టరేనా అన్న వాదన ఇలాంటి ప్రయోగాలన్నిటి చుట్టూ నడుస్తూనే ఉంది.

ఈ ప్రయోగం మొదలుపెట్టే ముందు ఎవరైనా చేయవలసిన పని ఒకటుంది. ఈ స్ఫటికంలో ఉన్న కదలికలెన్ని, వాటిలో వెలుతురుకి తగిలేవి ఏవి, ఏది మొదటి తలుపుది, ఏది రెండో తలుపుది అని కాగితం మీద లెక్క తేల్చుకోవాలి. ఇప్పుడు కంప్యూటరే ఆ పని చేసి పెడుతుంది. కంప్యూటరు లేని రోజుల్లో అందుకోసం చేతిలోకి తీసుకున్న పుస్తకాల్లో వాల్తేరులో అచ్చయిన ఆ 1948 నాటి పుస్తకం ఒకటి. 1969లో దాన్ని న్యూయార్క్‌లో మళ్ళీ అచ్చువేశారు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, భగవంతం, వెంకటరాయుడు.